పెదమేట చెలమ

కాశీరాయుడిని ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు వచ్చేది కాదు. "పోటు మారనీ" అనేవాడు. గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. రోజుకి రెండుసార్లు పోటుకి నీళ్ళు పాయల్లోకి ఎక్కుతాయి, రెండుసార్లు పాటుకి దిగిపోతాయి. మనుషుల సందేహాలు కూడా ఆ లెక్కనే తేలతాయని ఆయన నమ్మకం. కొందరి సందేహాలు పోటు తర్వాత పోటు దాటుకుంటూ, అడిగినవాళ్ళే మరిచిపోయేదాకా వెళ్ళేవి. అప్పుడు ఆయన పని మరీ సులువయ్యేది.

ఆయనకి మఠం లేదు, కాషాయం లేదు. ఒకే మానును తొలిచి చేసిన సన్నటి దోనె మీద జనాన్ని అడవిలోకి తీసుకెళ్ళి, చూపించాల్సింది చూపించి, మళ్ళీ రేవుకి చేర్చడం నలభై ఏళ్ళుగా ఆయన పని. ఆ పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని గురువుగారూ అనేవారు. మొదట్లో ఆ పిలుపుకి విసుక్కునేవాడు. తర్వాత అదీ అలవాటైపోయింది.

శిష్యుల్లో లోవరాజుకి ముప్పై రెండేళ్ళు, పనిలోకి వచ్చి మూడేళ్ళు. గెడ వెయ్యడంలో గానీ, ఒకేలా కనిపించే పాయల్లో దారి పట్టడంలో గానీ గురువుకి పెద్దగా తీసిపోడు. మాటల్లో అయితే గురువుని ఎప్పుడో దాటిపోయాడు. ఆ అడవికి వచ్చేవాళ్ళలో సగం మంది బావురుపిల్లి కోసం వస్తారు. నీళ్ళలో పంజా పెట్టి చేపలు పట్టుకునే పిల్లి అది. మూడేళ్ళలో లోవరాజుకే రెండేసార్లు కనిపించింది, ఒక్కపూట వచ్చినవాళ్ళకి ఏం కనిపిస్తుంది? అందుకని లోవరాజు ఉన్నట్టుండి గెడ ఆపేసి, వేళ్ళు అల్లుకుపోయిన ఒడ్డుకేసి చెయ్యి చాచేవాడు. "అదిగో, అదిగో, తోక! అయ్యయ్యో, ఎళ్ళిపోయిందండి!" దోనెలో ఉన్న నలుగురిలో ముగ్గురు తాము చూశామని ఒట్టేసేవారు. నాలుగోవాడు ఇంటికి వెళ్ళేలోపు చూసేసేవాడు.

ఒక మధ్యాహ్నం దోనెను ఒడ్డుకి లాగి, బోర్లించి, అడుగున తారు పూస్తూ లోవరాజు అడిగాడు.

"గురువుగారూ, ఎక్కడెక్కడి నుంచో వత్తారండి పాపం. సెలవులు ఎట్టుకుని, పిల్లల్ని ఏసుకుని. ఏదీ కనబడకపోతే మొకాలు ఏలాడేసుకుని పోతారు. కనబడిందని నేను ఒక్క మాటంటే నవ్వుకుంటా ఎళ్తారు. ఆ మాటలో తప్పేటండీ?"

కాశీరాయుడు తారు కుంచె తిరగేసి చూసుకున్నాడు. "పోటు మారనీ" అన్నాడు.

ఇరవై రోజులు గడిచాయి. లోవరాజు తన ప్రశ్నని మరిచిపోలేదు గానీ, జవాబు మీద ఆశ వదులుకున్నాడు. గురువుగారి దగ్గర జవాబు లేకపోవడమే తనది ఒప్పు అనడానికి రుజువని కూడా అనుకున్నాడు.

అప్పుడొచ్చింది పేరంటాలమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళు. సామర్లకోట నుంచి తెల్లవారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి, ఒక్కతే వచ్చింది. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది, చేతిలో ఇత్తడి మరచెంబు పట్టుకుంది. చుట్టాలింట్లో పెళ్ళికి వచ్చిన మనిషిలా ఉంది. రేవులో నిలబడి, పిల్లి గురించి గానీ పిట్టల గురించి గానీ ఒక్క మాటా అడగలేదు.

"పెదమేటకి తీసుకెళ్తారా బాబూ? నేను అక్కడే పుట్టాను. తొమ్మిదో ఏట వచ్చేశాం. మళ్ళీ చూళ్ళేదు."

పెదమేట పేరు లోవరాజు విన్నాడు. నది సముద్రంలో కలిసే మొగలో ఒకప్పుడు పెద్ద ఇసుక మేట, దాని మీద పాతిక గడపల పల్లె. సముద్రం ఏటికి కాస్త చొప్పున కొరుక్కుంటూ వచ్చి, లోవరాజు పుట్టకముందే దాన్ని పూర్తిగా మింగేసింది. ఇప్పుడు అక్కడ మూడు నిలువుల లోతు నీళ్ళు. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ ఆవిడ మొహం చూశాక ఆ మాట అనబుద్ధి కాలేదు. గురువుగారే చెప్తారని అటు తిరిగాడు.

కాశీరాయుడు తెడ్డు తీసి అతని చేతిలో పెట్టాడు. దోనె వెనక భాగాన్ని అమరం అంటారు. అమరంలో కూర్చుని దోనెను నడిపేవాడిదే ఆ ప్రయాణం. గురువు దోనెలో ఉండగా మరొకరు అమరంలో కూర్చున్నది లేదు.

"ఇయాళ అమరం నీది" అన్నాడు. "దారీ నీదే, మాటా నీదే."

లోవరాజు గుండె పొంగింది. మూడేళ్ళుగా అతను కోరుకున్నది అదే. "రండమ్మా, తీసుకెళ్తాను" అనేశాడు.

నీళ్ళు దిగుతున్నాయి. పాటు మీద వెళ్తే తెడ్డుకి పని తక్కువ. అడవే దోనెను సముద్రం వైపు జార్చేస్తుంది. పెద్ద పాయ వదిలి చిన్న పాయలోకి మళ్ళేసరికి రెండు వైపులా మడచెట్లు దగ్గరికొచ్చి, నెత్తిమీద కొమ్మలు కలిసిపోయాయి. వెలుతురు ఆకుపచ్చగా మారింది. నీరు తీసిన బురదలోంచి మడవేళ్ళు వేలల్లో నిక్కబొడుచుకుని ఊపిరి పీల్చుకుంటున్నాయి. వాటి మధ్య ఒంటి డెక్క పీతలు ఎర్రటి పెద్ద డెక్క పైకెత్తి, ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతున్నాయి. ఒక చోట తిల్లచెట్టు కొమ్మ అడ్డొచ్చింది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. లోవరాజు హెచ్చరించేలోపే పేరంటాలమ్మ చెంగు మొహానికి కప్పుకుని తల వంచింది. ఆ ఒక్క కదలికతో ఆవిడ ఇక్కడి మనిషేనని లోవరాజుకి తెలిసిపోయింది.

"చెంబెందుకండమ్మా, నీళ్ళు నా దగ్గరున్నాయిగా" అన్నాడు.

ఆవిడ నవ్వింది. "చెలమ నీళ్ళ కోసం బాబూ. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో మా మేట. ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వితే నీళ్ళు ఊరేవి. ఎంత తియ్యగా ఉండేవో చెప్పలేను. మా అక్క నూకాలు ఒప్పుకోదు. నాకన్నా ఆరేళ్ళు పెద్దది. అవి ఉప్పునీళ్ళేనే పిచ్చిదానా, ఆకలేసే పిల్లకి ఏదైనా తియ్యగానే ఉంటది అంటుంది. అరవై రెండేళ్ళుగా ఇదే తగువు మాకు. మొన్న మంచాన పడి కూడా అదే మాటంది."

తర్వాత ఇంకాస్త చిన్న గొంతుతో చెప్పింది. "అత్తారింట్లో ఏడుపొచ్చినప్పుడు, మా పెద్దాడు పోయినప్పుడు, ఆయన పోయినప్పుడు, కళ్ళు మూసుకుని ఆ నీళ్ళే తాగేదాన్ని. నిజం చెప్తున్నాను, గొంతు తడిసేది. అవి ఉప్పువే అయితే, మరి నేను ఇన్నాళ్ళూ ఏం తాగినట్టు?"

లోవరాజుకి తెడ్డు కాస్త బరువనిపించింది. కానీ అతనికీ ఒక ధైర్యం ఉంది. మొగ దగ్గర పదేళ్ళ కిందట కొత్తగా ఒక మేట వేసింది. చూడ్డానికి బాగుంటుంది. మేట అన్నాక చెలమ తియ్యగానే ఊరుతుంది, తను ఎన్ని మేటల మీద తాగలేదు? ఈవిడ ఒక గుక్క తాగుతుంది, చెంబు నింపుకుంటుంది, అక్క మీద నెగ్గుతుంది. ఇందులో నష్టపోయేదెవరు?

పాయ మలుపులో నీటికుక్కలు ఎదురయ్యాయి. తల్లి, తండ్రి, మూడు పిల్లలు, దోనెకి మూరెడు దూరంలో తలలెత్తి చూశాయి. తల్లి నోట్లో చేప ఇంకా కొట్టుకుంటోంది. ఏడాదికొకసారి కూడా దొరకని దృశ్యం. లోవరాజు ఊపిరి బిగబట్టి చూపించాడు, ఈసారి నిజంగానే. పేరంటాలమ్మ అటు చూసి, "బాగున్నాయి బాబూ, ఇంకెంత దూరం?" అంది. ముందు కూర్చున్న కాశీరాయుడి భుజాలు ఒక్కసారి కదిలాయి. నవ్వాడో, సర్దుకుని కూర్చున్నాడో తెలియలేదు.

అడవి అయిపోయింది. ఒక్కసారిగా ఆకాశం, గాలి, అలల చప్పుడు. కొత్త మేట తెల్లగా మెరుస్తోంది. దోనె ముక్కు ఇసుకని తాకగానే పేరంటాలమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

"ఇదేనా?"

"ఇదేనండమ్మా."

"తాడిచెట్లు ఉండాలి. నాలుగు."

"తుఫానుకి పోయాయండి."

"ఇసుక ఇంత తెల్లగా ఉండేది కాదు."

"ఎన్నేళ్ళయిందండి మరి! ఎండకి తేలిపోయింది."

ఒక అబద్ధం చెప్పినవాడికి మిగతావి వెతుక్కునే పని ఉండదు, అవే వచ్చి నోట్లో కూర్చుంటాయి. ఆవిడకీ నమ్మాలనే ఉంది. అరవై రెండేళ్ళ తర్వాత కాలికింద ఇసుక తగిలితే ఎవరు మాత్రం తూకం వేసి చూస్తారు? నాలుగడుగులు వేసి, ఇక్కడ మా ఇల్లు అంది. ఇంకో నాలుగడుగులు వేసి, ఇక్కడ మా అమ్మ చేపలు ఎండేసేది, కాకుల్ని తోలడానికి నన్ను కూర్చోబెట్టేది అంది. ఒక చోట ఆగి, ఇక్కడే మా అక్క నన్ను కొట్టింది అని నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఖాళీ ఇసుక మీద పాతిక గడపలూ లేచాయి. లోవరాజు గురువు వైపు గర్వంగా చూశాడు. చూడండి, ఈ మనిషి మొహం చూడండి అని అతని కళ్ళు అడుగుతున్నాయి. కాశీరాయుడు దోనె అంచున కూర్చుని ఇసుకలో గూడు కట్టుకుంటున్న పీతని చూస్తున్నాడు.

పేరంటాలమ్మ కొంగు బిగించింది. ఊదారంగు పూల ఇసుకతీగ పాకిన చోటు వెతికి, దాని కింద పల్లం వైపు మోకాళ్ళ మీద కూర్చుంది. లోవరాజు తవ్వబోతే ఒప్పుకోలేదు. దోనెలోని కొబ్బరిచిప్ప అడిగి తీసుకుని తనే మొదలుపెట్టింది. డెబ్బై ఒక్క ఏళ్ళ చేతులు తొమ్మిదేళ్ళ పిల్ల పని చకచకా చేసుకుపోతున్నాయి. అంచులు కూలకుండా అరచేత్తో తట్టింది. తడి ఇసుక రాగానే వేగం తగ్గించింది.

"మోచెయ్యి దాటి తవ్వకూడదు" అంది. "దాటితే సముద్రానికి వినబడుతుంది అనేది మా అమ్మ."

నీళ్ళు ఊరాయి. మొదటి నీళ్ళు తోడి పారబోసింది. రెండోసారి ఊరినవీ పారబోసింది. మూడోసారి ఊరినప్పుడు ఇసుక అడుక్కి దిగేదాకా, నీళ్ళు తేటపడేదాకా కూర్చుంది. పోటు తిరిగే వేళవుతోంది. అయినా ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కళ్ళు మూసుకుని, చిప్పతో ముంచుకుని, నోట్లో పోసుకుంది.

మింగలేదు. పక్కకి తిరిగి ఉమ్మేసింది. ఇంకోసారి ముంచి నాలుక చివర తగిలించి చూసింది. చిప్ప నెమ్మదిగా ఇసుక మీద పెట్టేసింది.

"ఉప్పే" అంది.

పదేళ్ళ మేట అది, ఇంకా లేతది. ఎన్నో వానలు దాని గుండా దిగితే గానీ అడుగు నీళ్ళకి తీపి రాదు. ఆ సంగతి లోవరాజుకి తెలియంది కాదు, తొందరలో గుర్తురాలేదు, అంతే.

"అక్క చెప్పిందే నిజం కాబోలు" అంది పేరంటాలమ్మ, ఎవరితోనో కాదు, ఆ గుంటతోనే. "ఆకలేసి అలా అనిపించింది కాబోలు." ఇందాక లేచిన ఇళ్ళన్నీ ఆవిడ చుట్టూ కూలిపోతున్నట్టు లోవరాజుకి అనిపించింది. ఆవిడ ఒక్కసారిగా ముసలిదైపోయింది. ఇంత సేపూ ఆవిడ వయసు అతనికి గుర్తే లేదు.

ఎండాకాలం కదండీ, అందుకే ఉప్పెక్కాయి అన్న మాట అతని నాలుక మీద సిద్ధంగా ఉంది. దాన్ని అతను పిలవలేదు, అదే వచ్చింది. తన నోరు ఇలా తయారైందా అని మొదటిసారి భయం వేసింది. గురువు ఏమైనా అంటాడేమోనని చూశాడు. కాశీరాయుడు పీతని వదిలేసి అతన్నే చూస్తున్నాడు. అమరం లోవరాజుది, మాటా లోవరాజుదే.

లోవరాజు వెళ్ళి ఆవిడ ఎదురుగా ఇసుకలో కూలబడ్డాడు.

"అమ్మా, ఇది పెదమేట కాదండి. ఇది నిన్న మొన్న ఏసిన మేట. పెదమేట లేదండి. నేను పుట్టకముందే సముద్రంలో కలిసిపోయింది. మీ మొకం చూసి చెప్పలేక ఇక్కడికి తెచ్చేశాను."

ఆవిడ చాలాసేపు అతన్ని చూసింది. కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? "ముసల్దాన్ని ఆటాడించావా నాయనా? ఇక్కడ మా ఇల్లు, అక్కడ మా ఇల్లు అని గంతులేస్తుంటే చూస్తూ నిలబడ్డావా?" అంది. అతను తల ఎత్తలేదు.

తర్వాత ఆవిడ ఆ గుంటలోకి మళ్ళీ తొంగి చూసింది.

"అయితే ఇది మా మేట కాదు."

"కాదండమ్మా."

"ఈ ఉప్పు మాది కాదు."

"కాదండి."

ఆవిడ లేచి నిలబడింది. అంత త్వరగా లేవగలదని అతను అనుకోలేదు. "మరి మాది ఎక్కడ?"

లోవరాజు చెయ్యి చాచాడు. ఎన్నో లేని తోకలు చూపించిన చెయ్యి అది. దూరంగా, అలలు విరిగే గీతకి ఇవతల, నీళ్ళ రంగు కాస్త మారిన చోట తెల్లపిట్టలు కొన్ని తిరుగుతున్నాయి. "అక్కడని మా తాత చూపించేవాడండి. దోనె అంత దూరం పోదు. పోయినా ఏమీ లేదండి, నీళ్ళే."

పేరంటాలమ్మ నీటి అంచుదాకా నడిచింది. అల వచ్చి చీర అంచు తడిపినా వెనక్కి జరగలేదు. ఇస్త్రీ చీర, చేతిలో చెంబు, గాలికి ఎగిరే నెరిసిన జుట్టు. ఇళ్ళు ఎక్కడెక్కడ ఉండేవో ఈసారి చెప్పలేదు. పెదవులు మాత్రం ఒకటి రెండుసార్లు కదిలాయి. అలా ఎంతసేపు నిలబడిందో లోవరాజు లెక్కపెట్టలేదు. అతనికి తన చచ్చిపోయిన తాత గుర్తొచ్చాడు, తాత చూపించిన వేలు గుర్తొచ్చింది. ఎందుకో తెలియదు, తనకీ అటువైపు ఏదో పోయినట్టు గుండె లాగింది.

ఆవిడ వెనక్కి తిరగకుండానే కాశీరాయుడిని అడిగింది. "పెద్దాయనా, మీరు తాగారా ఆ నీళ్ళు?"

ఒక్క మాట చాలు. తియ్యగా ఉండేవమ్మా అని ఆయన అంటే ఆవిడ నమ్మేది. లోవరాజు ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"లేదమ్మా" అన్నాడు కాశీరాయుడు. "మా అయ్య తాగేవాడు. ఎలా ఉండేవో నేను అడగలేదు."

"ఏం పర్లేదు" అంది ఆవిడ. "నేను తాగాను కదా."

పోటు మీద తిరిగి వచ్చారు. నీళ్ళు ఎక్కి మడవేళ్ళన్నీ మునిగిపోయాయి, పీతల ఊరు మాయమైంది. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ నుంచి కొమ్మకి ముందే ఎగురుతూ దారి తీసింది. పేరంటాలమ్మ దోనెలో వెనక్కి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. అడవి అడ్డొచ్చాక కూడా అటే చూస్తోంది. లోవరాజు ఆవిడకి ఎదురుగా అమరంలో తెడ్డు వేస్తూ, ఆ చూపుకి అడ్డం రాకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్క పిట్టనీ చూపించలేదు.

రేవులో దిగాక లోవరాజు, "అక్కగారికి ఏం చెప్తారండమ్మా?" అన్నాడు.

"తగువు ఇంకా తెగలేదనే చెప్తాను" అంది పేరంటాలమ్మ. మరచెంబు మూత బిగించింది. అందులో ఏమీ లేదు. అయినా దాన్ని ఒలికిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా పట్టుకుని బస్సు వైపు నడిచింది.

ఆ సాయంత్రం లోవరాజు దోనె కడుగుతున్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు. "ఉత్త చేతుల్తో పంపేశానండి గురువుగారూ. పాపం అంత దూరం నుంచి వచ్చింది. పెదమేట చూడనేలేదు."

కాశీరాయుడు దోనె అడుగున మిగిలిన నీళ్ళు చిప్పతో తోడి పోశాడు.

"చూసిందిరా" అన్నాడు. "నువ్వు లేదని చెప్పాక."